లువాన్ అన్న మెచ్చుకోని కొట్టు

మా చింగ్‌దావ్‌లో వేసవి వచ్చిందంటే, సముద్రం ఒడ్డున గ్లాసు బీరుకి పోసే డబ్బుతో మా వీధిలో ఒక పూట సంసారం గడిచిపోతుంది. ఊరు మాది, సముద్రం మాది, బీరు మా ఊరి ఫ్యాక్టరీదే. అయినా ఆ నెలల్లో ఒడ్డున కూర్చుని తాగే యోగం మాకు లేదు. అది చైనా నలుమూలల నుంచీ చక్రాల పెట్టెలు ఈడ్చుకుంటూ వచ్చేవాళ్ళది. అందుకని వేసవి పొడుగునా మా పాత బస్తీ జనానికి ఒకటే ప్రశ్న, ఈ ఏడు ఎక్కడ తాగాలి అని. దానికి జవాబు లువాన్ అన్న దగ్గర దొరికేది.

లువాన్ అన్న పెద్ద చదువులు చదవలేదు. ఈ ఎత్తుపల్లాల రోడ్ల మీద బస్సు నడిపి, రిటైరయ్యాడు. చలికాలంలో కూడా సముద్రంలో ఈత కొడతాడు. బట్టతల, బొజ్జ, ఏడాది పొడుగునా అవే రబ్బరు చెప్పులు. వదిన మనవణ్ణి పెంచడానికి జినాన్‌లో కూతురి దగ్గరకి వెళ్ళిపోయింది. ఈయన్నీ రమ్మంది. "జినాన్‌లో సముద్రం లేదు, అక్కడిదాకా వెళ్ళేసరికి మన బీరు అలిసిపోతుంది, నేను రాను" అన్నాడట. వదిన వారానికోసారి ఫోన్ చేసి తిడుతుంది. ఆయన ఫోన్ బల్ల మీద పెట్టి, తిట్లన్నీ అయ్యేదాకా తాగుతూ కూర్చుంటాడు.

చవక కొట్లు పట్టుకోవడంలో ఆయన్ని మించినవాడు లేడు. ఎవరడిగినా ఒకటే చెప్పేవాడు.

"సముద్రానికి వీపు పెట్టి నడువు. రోడ్డు ఎక్కేకొద్దీ ధర దిగుతుంది. గోడ మీద తిండి ఫొటోలు కనిపిస్తే ఆగకు. లోపల కూర్చున్నవాళ్ళ కాళ్ళు చూడు. బూట్లుంటే వెళ్ళిపో, చెప్పులుంటే కూర్చో. కొట్టామె నవ్వుతూ ఎదురొచ్చిందనుకో, నీ జేబుకి చిల్లే. 'ఏం కావాలి' అని కసిరిందా, ఇంక లేవకు."

అలాగే మా కొట్టు దొరికింది ఆయనకి. మా అబ్బాయి ఇంకా బడికి పోని రోజులవి. ఒక సాయంత్రం చేతిలో సంచీ పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. అప్పుడే పీపా కుళాయి లీకై నా బట్టలన్నీ బీరుతో తడిసి ఉన్నాయి. "కళ్ళు కనిపించట్లేదా, అడ్డం లే!" అన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. మెట్ల కింద మూలనున్న చిన్న బల్ల దగ్గరకెళ్ళి కూర్చున్నాడు. అప్పట్నుంచీ అది లువాన్ అన్న బల్లే.

మా బీరు కొట్ల పద్ధతి ఇలా ఉంటుంది. పొద్దున్నే ఫ్యాక్టరీ నుంచి పీపాలు వస్తాయి. ఆ బీరు ఆ రోజుకే, మర్నాటికి పనికిరాదు. కూర్చుని తాగేవాళ్ళకి గ్లాసుల్లో, ఇంటికి పట్టుకెళ్ళేవాళ్ళకి ప్లాస్టిక్ సంచిలో పోసి, తూకం వేసి, తాగడానికి గొట్టం పెట్టి ఇస్తాం. తిండి మాత్రం ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి. సంతలో చేపో, రొయ్యో, చిన్న ఆల్చిప్పలో కొనుక్కొస్తారు. ఈ ఆల్చిప్పల్ని మేం గుల్లలంటాం, అవి లేకుండా మా ఊళ్ళో బీరు గొంతు దిగదు. వాటిని ఇసుక పోయేలా కడిగి, ఎండుమిర్చీ అల్లం వేసి వేయించిపెట్టి, పొయ్యి కూలి తీసుకుంటాం. మా వైపు మగవాడు తన గుల్లలు ఏ కొట్టుకి పట్టుకెళ్తాడో అదే అతని కొట్టు. ఇవాళ ఈవిడ పొయ్యి, రేపు ఆవిడ పొయ్యి అని తిరిగేవాణ్ణి ఎవరూ నమ్మరు.

ఊరు ఊరంతా ఎక్కడ తాగాలో అడిగే మనిషి, తన గుల్లలు తెచ్చి నా చేతికిచ్చేవాడు. పొద్దున ఈతకెళ్ళినప్పుడు సీసాలో సముద్రపు నీళ్ళు పట్టుకొచ్చి, సాయంత్రం దాకా అందులో నానబెట్టి, ఇసుకంతా కక్కించి మరీ తెచ్చేవాడు. ఆయన దగ్గర నేను పొయ్యి కూలి ఏనాడూ తీసుకోలేదు. ఆయన సంచి నా చేతికి అందిస్తుంటే పక్క బల్లవాళ్ళు చూడాలని ఉండేది నాకు. గర్వమే. అందులో దాచుకోవాల్సిందేముంది?

అలా ఉండగా కిందివైపు, మా కొట్టుకి పది గుమ్మాల అవతల, జియావ్ కొట్టు తెరిచింది.

జియావ్ మా ఊరికి దగ్గర్లోని లైషీ నుంచి వచ్చిన మనిషి. నాకన్నా చిన్నది, నాకన్నా సన్నగా ఉంటుంది, జుట్టుకి రంగు వేసుకుంటుంది. రాగానే నా దగ్గరకొచ్చి "అక్కా, పీపా ఎలా తెరుస్తారు, నురుగు ఎలా ఆపుతారు" అని అడిగితే అన్నీ చెప్పాను. మొదటి రెండేళ్ళు దాని కొట్టులో ఈగలే తాగాయి. మూడో వేసవికి ఏమైందో ఏమో, ఎక్కడెక్కడి పిల్లలూ ఫోన్లు చేత పట్టుకుని, పై మలుపు నుంచి దిగి, మా గుమ్మం దాటుకుని, సరాసరి దాని కొట్టుకే పోవడం మొదలుపెట్టారు. సాయంత్రం అయిదయ్యేసరికి అక్కడ వరస. దాని పొయ్యిలో గుల్లలు గలగలమంటుంటే నా పొయ్యి దగ్గర నేను చీపురు పట్టుకుని కూర్చునేదాన్ని. కళ్ళల్లో నిప్పులు పోసుకున్నానంటే పోసుకున్నాను. ఎవరైనా పోసుకుంటారు.

ఒక మధ్యాహ్నం మా ఆయన పీపాలు దించి, చెమట తుడుచుకుంటూ ఫోన్ నా ముఖం ముందు పెట్టాడు.

"చూడు, మీ లువాన్ అన్న సినిమా హీరో అయ్యాడు."

ఎవరో పిల్లలు తీసిన వీడియో. అందులో లువాన్ అన్న సముద్రపు గోడ మీద, తడి తువ్వాలు మెడలో వేసుకుని కూర్చున్నాడు. "పెదనాన్నా, ఈ ఊళ్ళో చవగ్గా ఎక్కడ తాగొచ్చు?" అని ఒక పిల్ల అడుగుతోంది. మా అన్న వేలు పైకెత్తి దారి చూపిస్తున్నాడు. "ఈ మెట్లెక్కి, చర్చి దాటాక ఎడమకి తిరుగు. జియావ్ కొట్టు. పీపా తాజా, మనిషి మంచిది, గుల్లలు బ్రహ్మాండం. నా మాట మీద వెళ్ళండి."

నేను మళ్ళీ చూశాను. మళ్ళీ చూశాను. జియావ్ కొట్టు అన్నప్పుడు ఆయన కళ్ళల్లో నవ్వుంది.

"ఇన్నేళ్ళు నా పొయ్యి మీద తిని, దాని గుల్లలు బ్రహ్మాండమా! అసలు ఎప్పుడు తిన్నాడు అక్కడ?"

"పొరుగింటి పుల్లకూర," అన్నాడు మా ఆయన.

"నువ్వు నోరు ముయ్యి."

"నాకొక డౌటు. నీకు మొగుణ్ణి నేనా, ఆయనా?"

పీపా మూత విసిరాను. తగల్లేదు.

ఆ సాయంత్రం లువాన్ అన్న మామూలుగానే వచ్చాడు, మామూలుగానే సంచి ఇచ్చాడు. నేనేమీ అడగలేదు. ఎండుమిర్చి రెట్టింపు వేశాను. దగ్గుతూ, కళ్ళు తుడుచుకుంటూ తిన్నాడు. "ఇవాళ చెయ్యి బాగా పడిందమ్మా" అన్నాడు. పొగడ్తంతా అక్కడ, దగ్గంతా ఇక్కడ! ఆ రాత్రి నిద్రలో కూడా జియావ్ కొట్టు ముందున్న వరసే కనిపించింది నాకు.

తర్వాతి శనివారం జియావే మా గుమ్మంలోకొచ్చింది. చెమటతో ముఖం మెరిసిపోతోంది. అదీ ఒక అందమే దానికి.

"అక్కా, జనం నిలబడి తాగుతున్నారు. మీ స్టూళ్ళు ఖాళీగానే ఉన్నాయిగా, కాసిని ఇస్తారా?"

ఖాళీగానే ఉన్నాయిగా! లేవని ఎలా అనను, అది చూస్తూనే ఉంది. "తీసుకో" అన్నాను. రెండు చేతుల్లో దొంతర ఎత్తుకుని, గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగింది.

"అక్కా, మీకు చెప్పకుండా ఉండలేను. లువాన్ అన్న కనబడినవాళ్ళందరికీ మీ కొట్టుకి వెళ్ళొద్దని చెప్తున్నాడంట. ఆవిడ గుల్లల్లో ఇసుకుంటుంది, పళ్ళు అరిగిపోతాయి అన్నాడంట. మా కొట్టుకొచ్చిన పిల్లలే చెప్పారు. నేనైతే నమ్మలేదులెండి."

చీపురు తీసుకుని లోపలికి తిరిగాను. మాట్లాడితే ఏడుపొచ్చేది, దాని ముందు ఏడవడం కన్నా చావడం మేలు.

మా ఊళ్ళో వంట చేసే ఆడదాన్ని తిట్టాలంటే రంకు కట్టనక్కర్లేదు, గుల్లల్లో ఇసుక ఉందంటే చాలు. ఆ మాట పడ్డ కొట్టు మళ్ళీ లేవదు. అందులోనూ అన్నది ఎవరు? చవక కొట్లకి ఊరంతటికీ దారి చూపించే మనిషి. నా స్టూళ్ళు ఎందుకు ఖాళీగా ఉన్నాయో అప్పుడర్థమైంది. బీరు అమ్ముడుపోక మూడు వారాలుగా సాయంత్రానికి సగం పీపా మోరీలో పోస్తున్నాం. ఇలాగే ఇంకో నెల సాగితే కొట్టు అద్దె కట్టలేం.

సాయంత్రం ఆయన వచ్చాడు. సంచి చాపాడు. నేను అందుకోలేదు. పొయ్యి కూడా వెలిగించలేదు.

"ఏమ్మా, గ్యాస్ అయిపోయిందా?"

"ఇసుక అయిపోయింది. తెచ్చి పోస్తే అప్పుడు వేయిస్తాను."

ఆయన చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. తర్వాత మెల్లిగా సంచి బల్ల మీద పెట్టి కూర్చున్నాడు.

"ఎవరు చెప్పారు?"

"నీ జియావే చెప్పింది. ఊరంతటికీ తెలిసింది, నాకే ఆఖర్న తెలిసింది. ఇన్నేళ్ళలో ఒక్క ఇసుక రేణువు తగిలిందా నీ పంటికి? చెప్పు!"

"తగల్లేదు."

"మరి?"

"తగల్లేదు కాబట్టే అన్నాను."

మా ఆయన కూడా పీపా పక్కన పెట్టి వచ్చి నిలబడ్డాడు. లువాన్ అన్న బట్టతల రుద్దుకున్నాడు.

"చెల్లెమ్మా, రేవు వెనకాల కువో కొట్టు నీకు గుర్తుందిగా? ఊరికి చెప్పింది నేనే. మరుసటి ఏడాదికి గోడ మీద ఫొటోలు పెట్టాడు. ఆ పై ఏడాది నేను వెళ్తే గుమ్మంలో పిల్ల, బుకింగ్ ఉందా పెదనాన్నా అంది. స్టేషన్ వెనక ముసలమ్మ కొట్టు కూడా అంతే. జనం వచ్చారని ఇంటివాడు అద్దె మూడింతలు చేశాడు, ముసలమ్మ మూసుకుని పల్లెకి పోయింది. ఆ రెండేనా? నేను మెచ్చుకున్న ప్రతి కొట్టూ నాకు కాకుండా పోయింది. మీ వదిన జినాన్‌లో ఉంది. ఇంట్లో గోడలున్నాయి. సాయంత్రమైతే వచ్చి కూర్చోడానికి నాకింకెక్కడుంది? అందుకే నీ కొట్టుని తిట్టాను. జనాన్నంతా కిందికి తోశాను. జియావ్ కొట్టు పోతే నాకేం బాధ లేదు."

నిజం చెప్పొద్దూ, ఒక్క క్షణం నాకు లోపల చక్కెర పోసినట్టయింది. జియావ్ కొట్టు పోతే బాధ లేదన్నాడు! ఆ మాట అది విని ఉంటే బాగుండేది. కానీ మోరీలో పోసిన బీరు గుర్తొచ్చేసరికి ఆ తీపంతా దిగిపోయింది.

"అంటే నువ్వు కూర్చోవడానికి చోటు కోసం నా పొట్ట కొట్టావు. దానికి వరస, నాకు నువ్వొక్కడివి. నువ్వొక్కడివీ తాగితే నా అద్దె తీరుతుందా? నా కొట్టు దాచడానికి అదేమైనా నీ జేబులో రుమాలా?"

"జనం వస్తే నువ్వు మారిపోతావమ్మా."

"మారతానో లేదో రానిచ్చి చూడు. వాళ్ళు అటెళ్తుంటే నేను ఇక్కడ చీపురు పట్టుకుని కూర్చుని, కుళ్ళి కుళ్ళి చస్తున్నాను. దాన్ని ఏ నోటితో మెచ్చుకున్నావో ఆ నోటితోనే నన్నూ మెచ్చుకో. వీడియోలో. ఇసుక మాట నీ నోటితోనే నువ్వు కడగాలి."

లువాన్ అన్న మా ఆయన వైపు చూశాడు. "నన్ను చూస్తావేం?" అన్నాడు మా ఆయన. "నేను చెబితే ఎప్పుడు విందని."

బల్ల మీది సంచి నా వైపు తోసి, "సరే. చెప్తాను" అన్నాడు అన్న. అప్పుడు పొయ్యి వెలిగించాను.

మాట తప్పే మనిషి కాదు. రెండోనాడు చెంగ్దూ నుంచి వచ్చిన ఆడపిల్లల్ని సముద్రపు గోడ దగ్గర్నుంచి తనే వెంటబెట్టుకొచ్చాడు. మా కొట్టు గుమ్మంలో నిలబడి, ఫోన్‌లోకి చూస్తూ, బస్సులో స్టాపు పేరు చెప్పినంత గట్టిగా చెప్పాడు.

"ఇది పాంగ్ చెల్లెమ్మ కొట్టు. ఇన్నాళ్ళూ ఇక్కడ గుల్లల్లో ఇసుకని చెప్పాను. అబద్ధం. ఈ ఊళ్ళో ఇంతకన్నా మంచి పొయ్యి లేదు. ఇది నా కొట్టు, అందుకని దాచుకున్నాను."

ఆ పిల్లలు కేకలు పెట్టి చప్పట్లు కొట్టారు. ఆ ఆఖరి మాట దేశం మొత్తానికి నచ్చిందట. పెదనాన్న దాచుకున్న కొట్టు అని నాకో పేరొచ్చేసింది. వారం తిరక్కుండానే వరస మా గుమ్మం ముందు మొదలై, మలుపు దాకా సాగింది. పొద్దున రెండు పీపాలు చాలక మా ఆయన మళ్ళీ ఫ్యాక్టరీకి పరిగెత్తేవాడు. జియావ్ గుమ్మంలోకి వచ్చి చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూస్తుంటే, నేను కావాలనే ఇంకాస్త పెద్ద గొంతుతో కేకలు వేసేదాన్ని. ఆ వారం రోజులూ నా అంత సుఖపడ్డవాళ్ళు ఈ వీధిలో లేరు.

అన్న బల్ల అన్నకే ఉంచాను. మొదటి నాలుగు రోజులూ ఎవరినీ కూర్చోనివ్వలేదు. ఆయన వచ్చి కూర్చుంటే పిల్లలు చుట్టూ చేరి ఫొటోలు తీసుకునేవాళ్ళు. "పెదనాన్నా, ఇటు చూడండి, ఒక్క గుల్ల పైకెత్తండి" అనేవాళ్ళు. ఆయన ఎత్తేవాడు. ఒకరి తర్వాత ఒకరికి అలా ఎత్తి పట్టుకుని, ఆఖరికి చల్లారిపోయిన దాన్ని నోట్లో వేసుకునేవాడు. ఒక పిల్ల ఆయన గ్లాసులో బీరు పోస్తుంటే నాకు ఒళ్ళు మండింది. ఆయన గ్లాసు నింపేది నేను. కానీ పొయ్యి దగ్గర నుంచి కదిలే వీలుంటేగా.

శనివారం సాయంత్రం ఇసక వేస్తే రాలని జనం. నేను తల వంచుకుని వేయిస్తున్నాను. తలెత్తేసరికి మెట్ల కింద బల్ల దగ్గర నలుగురు ఆడపిల్లలు కూర్చుని ఉన్నారు. గ్లాసులు కూడా వచ్చేశాయి. లేవమందామనుకున్నాను. వాళ్ళ వెనకాల ఇంకో ఆరుగురు నిలబడి ఉన్నారు. ఈలోగా జనాన్ని తప్పించుకుంటూ లువాన్ అన్న లోపలికొచ్చాడు. చేతిలో గుల్లల సంచి. బల్ల వంక చూశాడు. నా వంక చూశాడు.

"ఒక్క పావుగంట అన్నా. వాళ్ళు లేవగానే..."

"పర్లేదమ్మా. నాకొక సంచిలో పోసియ్యి."

ఇన్నేళ్ళలో ఆయన నా దగ్గర సంచిలో పోయించుకోవడం అదే మొదలు. తూకానికి మించి పోశాను. గొట్టం పెట్టి ఇచ్చాను. "గుల్లలు ఇటియ్యి, వీటితో పాటు వేసేస్తాను" అన్నాను. "ఇప్పుడు నీకెక్కడ తీరుతుంది" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేనూ నాలుగు అని ఉండేదాన్ని.

పైకి, ఇంటికి పోతాడనుకున్నాను. కిందికి దిగాడు. ఒక చేతిలో బీరు సంచి, ఒక చేతిలో గుల్లల సంచి. జియావ్ తన గుమ్మంలో ఒంటరిగా కూర్చుని విసురుకుంటోంది, లోపల బల్లలన్నీ ఖాళీ. ఆయన్ని చూసి లేచింది. చెయ్యి చాపింది. ఆయన సంచి దాని చేతికిచ్చాడు.

"ఆంటీ, మా ప్లేట్లు ఎప్పుడొస్తాయి?" అని వెనక నుంచి కేక. "వస్తున్నాయి!" అని అరిచాను. నా పెనంలో గుల్లలు నోళ్ళు తెరుచుకుని చూస్తున్నాయి. నా చెవి మాత్రం కిందే ఉంది. అక్కడ నూనె చిటపటలాడింది. గుల్లలు గలగలమన్నాయి.

జియావ్ వంట నాకు తెలుసు. అది అల్లం ముందే వేసేస్తుంది, గుల్లలు విచ్చుకునేలోగా అల్లం మాడి చేదెక్కుతుంది. లువాన్ అన్నకి మాడిన అల్లం అస్సలు పడదు. ఇంక చూడు, ఒక్క గుల్ల నోట్లో పెట్టుకుని లేచి వచ్చేస్తాడు, అనుకున్నాను. ఆ మాడు వాసన గాలికి పైదాకా వస్తుందని గరిటె పట్టుకుని ఎదురుచూశాను.

రాలేదు. అల్లం ఎప్పుడు వెయ్యాలో దానికి ఎవరో చెప్పేశారు.